చౌడు నేల వానను ఎందుకు తాగలేదు

ఒకప్పుడు చౌడు నేల అనేదే లేదు. ఇప్పుడు మనం పెదవి విరిచి పక్కనుంచి తప్పుకుని పోతామే, ఆ నేల అప్పట్లో నల్లగా, మెత్తగా ఉండేది. అడుగు వేస్తే పాదం దిగబడేది. వాన ఎంత కురిసినా ఒక్క చుక్క బయటికి పోనిచ్చేది కాదు, అంతా తాగేసేది. దాని మీద నడుము ఎత్తున గడ్డి ఊగేది. నువ్వు చూశావా అని అడగకండి. నేనూ చూడలేదు, మా అవ్వా చూడలేదు. కానీ నేను నమ్ముతాను.

ఆ నేలకు చుట్టూ కొండలు. మధ్యలో అది పళ్ళెంలాగా ఉండేది. కొండల మీదినుంచి దిగిన వాగులు సముద్రానికి పోదామని అటూ ఇటూ తిరిగేవి. దారి దొరికేది కాదు. రాళ్ళను ఒరుసుకుంటూ మోసుకొచ్చిన ఉప్పునంతా విసుగుతో ఆ నేల దగ్గరే దించేసేవి.

నేల కాదనలేదు. ఉప్పును తన కడుపులో బాగా లోతున పడుకోబెట్టుకుంది. అది కాస్త లేచి పైకి రాబోతే, వాన ఏటేటా వచ్చి, నీకిక్కడేం పని, కిందికి పో అని మళ్ళీ లోపలికి నెట్టేది. పైన గడ్డి ఉంది కాబట్టి నేలకు ఎండ తగిలేది కాదు. అలా ఎంతో కాలం హాయిగా గడిచింది.

ఆ చుట్టుపక్కల తిరిగే గొర్రెల కాపరులకు ఒక కట్టుబాటు ఉండేది. ఏ బీడులోనైనా మంద మూడు పొద్దులే ఉండాలి. నాలుగో పొద్దు పొడవగానే కంప దడి పీకేసి, మందను లేపుకుని వేరే చోటికి పోవాలి. ఎక్కువ రోజులు ఉంటే గొర్రెలు ఆకు అయిపోయాక మొదలు కొరుకుతాయి, మొదలు అయిపోయాక వేరు పీకుతాయి. వేరు పోతే గడ్డి తిరిగి రాదు. ఈ సంగతి కాపరుల ఇళ్ళలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

కరియవ్వకూ బాగా తెలుసు. నాయన పోయాక మందకు పెద్ద ఆమే. తమ్ముడు చిక్కన్న ఆమెకు తోడుగా ఉండేవాడు. ఇద్దరూ కట్టుబాటును ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఒక ఏడు వాన రాలేదు. రెండో ఏడూ రాలేదు. వాగులు ఎండాయి, బీడులు ఎండాయి, మంద సగమైంది. తిరిగి తిరిగి కరియవ్వ వాళ్ళు ఈ నేల మీదికి చేరుకున్నారు. ఇక్కడ ఇంకా కాస్త గడ్డి ఉంది. మందలో మిగిలిన వాటిలో పదకొండు సూడి గొర్రెలు ఉన్నాయి. అవి ఈని, పిల్లలు బతికితే మంద నిలుస్తుంది. లేకపోతే ఇక మంద లేదు, కాపరులూ లేరు.

నాలుగో పొద్దు పొడిచింది. చిక్కన్న దడి పీకబోయాడు. కరియవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాలుగో పొద్దు" అన్నాడు చిక్కన్న.

"నాకు తెలుసు నాయనా. ముందుండే బీడు ఆరు పొద్దుల నడక. సూడి గొర్రెలు అంత దూరం నడ్సలేవు. దావలోనే పడిపోతాయి. ఈనేదాకా ఈడే ఉందాం."

"మన పెద్దోళ్ళు ఎప్పుడూ ఇట్ల ఉండలేదు కదక్కా."

కరియవ్వ అతని చెయ్యి వదిలింది. మోకాళ్ళ మీద కూర్చుంది. అరచెయ్యి నేలకు ఆనించి, ఇంకో మూడు పొద్దులు ఉండనిమ్మని నేలను వేడుకుంది.

నేల ఉండమంది. దానికి లేదనడం చేతకాదు. ఈ కథలో ఇక్కడికి వచ్చేసరికి నాకు కరియవ్వ మీద కోపం వస్తుంది. అడక్కుండా ఉండాల్సింది అనిపిస్తుంది. కానీ ఆ గొర్రెల పక్కటెముకలు చూసి ఉంటే నేను కూడా అడిగేదాన్నేమో.

మూడు పొద్దులు కాస్తా ఆరయ్యాయి. ఆరు కాస్తా తొమ్మిదయ్యాయి. ఆకు అయిపోయింది, మొదలు అయిపోయింది. గొర్రెలు నా వేళ్ళ దాకా వచ్చాయనీ, ఇక నిన్ను కప్పడం నా వల్ల కాదనీ గడ్డి నేలతో చెప్పి, చాలాచోట్ల చనిపోయింది. అప్పుడు మొట్టమొదటిసారి ఆ నేల ముఖాన ఎండ పడింది. సూర్యుడు కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. ఇక్కడ ఇంత చల్లని నేల ఉందని అంతవరకు ఆయనకు తెలియదు.

పదో పొద్దున గొర్రెలు ఈనాయి. పదకొండు పిల్లలు పుట్టాయి. కానీ తల్లుల పొదుగుల్లో పాలు లేవు. మేత లేనిదే పాలెక్కడివి? పిల్లలు లేవలేక నేల మీదే పడుకుని అరిచాయి. వాటి ఒట్టి కడుపులు నేలకు ఆనుకుని ఉన్నాయి. ఆ అరుపులన్నీ నేల విన్నది.

నేలకు లోపల ఇంకా కొంచెం నీరు ఉంది. మంచి రోజుల్లో తాగిన వాననీరు అది. నేల ఆ నీటిని పైకి రమ్మంది.

ఆ కదలికకు ఉప్పుకు మెలకువ వచ్చింది. "అమ్మా, ఆ పని చెయ్యకు" అంది ఉప్పు. "నీరు పైకి వస్తే నేనూ దాని వెంటే వస్తాను. నీటిని సూర్యుడు తీసుకుపోతాడు, నన్ను తీసుకుపోడు. నేను నీ ముఖం మీదే ఉండిపోతాను. నా వల్ల నీ నోరు మూసుకుపోతుంది."

"వాన వచ్చి నిన్ను మళ్ళీ కిందికి పంపుతుందిలే" అంది నేల.

"వాన వస్తుంది. తాగడానికి నీకు నోరుండాలి కదమ్మా."

పైన ఒక గొర్రెపిల్ల అరుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. మిగతా పది ఇంకా అరుస్తూనే ఉన్నాయి. అప్పుడు నేల, తన దగ్గర ఉన్న నీటినంతా పైకి పంపింది.

కరియవ్వ పాదాలకు తడి తగిలింది. అక్కడక్కడా ప్రాణం మిగిలిన వేళ్ళు చిగురు వేశాయి. తల్లి గొర్రెలు ఆ చిగురు తిన్నాయి. పొదుగుల్లోకి పాలు వచ్చాయి. పిల్లలు తోకలు ఆడిస్తూ తాగాయి. కరియవ్వ ఆ రోజు చిన్నపిల్లలాగా ఏడ్చింది. చనిపోయిన పిల్లను చిక్కన్న ఒక మూల పూడ్చి వచ్చాడు.

కొన్నాళ్ళకు ఒక ఉదయం, నేల మీద తెల్లగా ఏదో కనిపించింది. పాలు ఒలికాయేమో అనుకుని కరియవ్వ వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది, ఆ వెనకే చేదు. తల ఎత్తి చూస్తే కనుచూపు మేర అంతా తెలుపే.

"తల్లీ, ఏమి చేసుకున్నావు?" అంది.

నేల గొంతు సన్నగా, ఎక్కడినుంచో వచ్చింది. "పిల్లలు లేచి నిలబడ్డాయా?"

"నిలబడినాయి తల్లీ. పదీ నిలబడినాయి."

"అయితే ఇంక నడవండి" అంది నేల.

నేల మాట్లాడడం అదే ఆఖరు. అన్నాచెల్లెళ్ళు తగువులాడి మాటలు మానేస్తారు చూడండి, అలా అలిగి కాదు. దాని నోరు మూసుకుపోయింది.

మంద ఆ పొద్దే కదిలింది. కొన్ని నెలలకు కొండల మీద ఉరిమింది. కరియవ్వ మందను తమ్ముడికి అప్పజెప్పి, రాత్రీ పగలూ అనకుండా నడిచి వెనక్కి వచ్చింది. వాన కురిస్తే నేల మళ్ళీ మునుపటిలా అవుతుందని ఆమె ఆశ.

వాన కురిసింది. అక్కా, నోరు తెరువు, తాగు అని నేలను బతిమాలుతూ కురిసింది. నీరు మడమల దాకా నిలిచింది. ఒక్క చుక్క లోపలికి దిగలేదు. కరియవ్వ జారిపడుతూ, లేస్తూ మధ్యదాకా పోయింది. వంగి, ఆ నీటి అడుగున వేళ్ళతో మట్టిని గీకింది. పైన జిగట. జానెడు లోతున మట్టి పొడిగా ఉంది. అంత నీటి కింద నేలకు దాహంగానే ఉంది.

కరియవ్వ ఆ నీటిలోనే కూర్చుండిపోయింది. మూడో పొద్దుకు సూర్యుడు ఆ నీటినంతా తీసుకుపోయాడు.

అప్పటినుంచే చౌడు నేల తెల్లగా పొర కట్టి ఉంటుంది. ఎండితే గట్టిగా బిగిసి పగుళ్ళు వేస్తుంది, తడిస్తే కాలు నిలవనియ్యదు. ఎక్కడో ఒక మొండి పొద తప్ప ఏమీ మొలవదు. ఇచ్చే గుణం మాత్రం దానికి ఇంకా పోలేదు. బట్టల మురికి వదలాలని జనం ఆ తెల్లమన్ను తట్టలకెత్తుకుపోతే ఇప్పటికీ కాదనదు. ఏటేటా వాన వస్తుంది, దాని మీద కాసేపు నిలబడుతుంది, వెళ్ళిపోతుంది. ఆ దారిన పోయే గొర్రెలు ఆగి, తల వంచి, ఆ నేలను నాకుతాయి. ఎంత తొందర ఉన్నా కాపరి వాటిని అదిలించడు. అవి తల ఎత్తేదాకా పక్కన నిలబడి ఉంటాడు.