వంకర రొట్టెలు

"మొగుణ్ణి కాదని పుట్టింటికి వచ్చేసిన స్త్రీకి ప్రభువు బల్ల ఇవ్వవచ్చా, అయ్యగారూ?"

పాస్టరు ఒబేదు ఈ ప్రశ్న అడిగింది శనివారం సాయంత్రం, గురువుగారి వసారాలో. అడిగాడన్న మాటేగాని, జవాబు తానే ఇచ్చుకుని వచ్చాడు. కిందటి నెల బల్ల ఆదివారంనాడు, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచేముందు, కెజియా పేరు మైకులో చదివి ఆమెను బల్లకు దూరం పెట్టాడు. భర్తకు లోబడి తిరిగి కాపురానికి వెళ్ళేదాకా ఆమె మందిరంలో అందరితో కూర్చోకూడదు. గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర కూర్చోవాలి. ఆ తీర్పుకు గురువుగారి చేత కూడా ఒక ఔను అనిపించుకుందామని ఇప్పుడీ రాక.

కెజియా భర్త అబ్నేరు సంఘ పెద్ద. బల్ల ఆదివారం పళ్ళెం పట్టుకుని వరసల్లో రొట్టె పంచేది అతనే. అతను పెళ్ళాం మీద చెయ్యి చేసుకుంటాడని ఆ లంక ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? పెళ్ళయిన నాటినుంచీ ఆమె ఒంటిమీది దెబ్బల్ని 'కుటుంబ విషయం' అని సంఘమంతా కలిసి దుప్పటి కప్పి దాచింది. ఈసారి కుడిచెయ్యి విరిగింది. కట్టు కట్టించుకున్న మనిషి ఇక ఆ గడప తొక్కనని తల్లి ఇంటికి చేరింది. అంతే, తప్పంతా ఆమెదైపోయింది.

"కాలం చెడిపోయిందండి," అన్నాడు ఒబేదు. "సెల్‌ఫోన్లు, సీరియళ్ళు, హక్కులు! లోకం గాలి మందిరంలోకి వచ్చేసింది. వాక్యమేమో లోబడమంటుంది. ఈవిడేమో చెయ్యి కుదరగానే చుడీదారు వేసుకుని రేపల్లె వెళ్ళి కుట్టుపని నేర్చుకుంటానంటుంది. ఒక్కదాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తే రేపు పదిమంది తయారవుతారు."

వింటే ఒళ్ళు మండిపోతుంది. ఆమె చెయ్యి విరగ్గొట్టింది సెల్‌ఫోనా, సీరియలా? అయినా ఒబేదు చెడ్డవాడు కాదు. వాక్యం బాగా చదివినవాడు, రోగి పక్కన తెల్లవార్లూ మోకాళ్ళూని ప్రార్థించగలవాడు. అబ్నేరంటే భయం, ఆ భయానికి వాక్యమనే పేరు పెట్టుకున్నాడు. చెడ్డవాళ్ళ కంటే ఇలాంటి మంచివాళ్ళ వల్లే ఆడవాళ్ళకు ఎక్కువ ఎముకలు విరిగాయి.

జెకర్యా అయ్యగారు ఒబేదు తలమీద చేతులుంచి సేవ అప్పగించిన ముసలి దైవసేవకుడు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు.

"రేపటికి రొట్టెలు వచ్చాయా?" అన్నారు.

"వచ్చాయండి. పిండి తగ్గించే పంపాను. ఆశీర్వదించిన రొట్టె మిగిలితే పారెయ్యకూడదు కదా, కిందటిసారి మిగిలింది అయ్యేదాకా జనాన్ని లేవనివ్వకుండా నేనే నిలబడి తిన్నాను. కానీ ఎందుకో వంకరటింకరగా ఉన్నాయి. ఒకపక్క మందం, ఒకపక్క పల్చన. ప్రభువు బల్లకు ఇలాంటివా చేసేదని మా ఆవిడ చేత కబురు కూడా పంపాను."

"ఎవరికి?"

ఉప్పూ పులుపూ లేని ఆ గోధుమరొట్టె కాల్చడం ఎప్పుడూ కెజియా పనే. ఆమెను బల్లకు దూరం పెట్టారేగాని, పిండిని మాత్రం అలవాటు కొద్దీ ఆమె దగ్గరికే పంపారు. ఇందులో ఏదో తేడా ఉందని సంఘంలో ఒక్కరికీ తట్టలేదు.

"కెజియాకండి," అన్నాడు ఒబేదు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

అయ్యగారు లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "రేపు నేనూ వస్తాను," అన్నారు, అంతే.

ఆదివారం ఆయన ముందు కుర్చీలో కూర్చున్నారు. కెజియా గుమ్మం పక్కన ముసుగు వేసుకుని, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒబేదు ప్రార్థన చేసి, రొట్టె విరిచి, పళ్ళెం అబ్నేరు చేతికిచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్న అబ్నేరు మర్యాద కొద్దీ ముందు అయ్యగారి దగ్గరికే వచ్చాడు. అయ్యగారు చెయ్యి చాపలేదు.

"అబ్నేరూ, ఆ అమ్మాయి చెయ్యి విరగ్గొట్టింది నువ్వేనా?"

ఆ మాట మందిరం మొత్తానికి వినిపించింది.

"అది మా కుటుంబ విషయం, అయ్యగారూ. బల్ల దగ్గర మాట్లాడేది కాదు."

"అయితే నాకొద్దు, తీసుకుపో."

అబ్నేరు మొహం కందగడ్డలా చేసుకుని మగవాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు తీసుకున్నారు. సిగ్గు లేకుండా తీసుకున్నారని అనను. తలలు వంచుకుని సిగ్గుపడుతూనే తీసుకుని, నమిలి మింగారు.

తర్వాత ఆడవాళ్ళ వైపు వచ్చాడు. మొదటి చాప మీద కూర్చున్నది అతని తల్లి సువార్తమ్మ. కొడుకు వంగి పళ్ళెం చాపాడు. ఆవిడ దాన్ని అరచేత్తో వెనక్కి నెట్టింది.

"నాకొద్దురా. ఆ పిల్ల ఎడం చేత్తో పిసుక్కుని కాల్చిన రొట్టెలురా ఇవి. నువ్వు కట్టె తీసుకుని దాని కుడిచెయ్యి విరగ్గొడుతుంటే నేను పొయ్యికాడే ఉన్నాను. అడ్డం రాలేదు, నోరిప్పలేదు. ఇయ్యాల ఏ నోటితో తినమంటావు?"

పక్కనున్నామె తల అడ్డంగా ఊపింది. ఆ పక్కనున్నామె చేతులు కొంగులో దాచుకుంది. పళ్ళెం చాప వెంట చాప దాటిందిగాని ఒక్క ముక్క కదల్లేదు. అబ్నేరు దాన్ని బల్లమీద విసురుగా పెట్టి, భార్య కూర్చున్న గుమ్మం వైపు వెళ్ళలేక పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయాడు.

ఒబేదు పళ్ళెం వంక చూశాడు. సగానికి పైగా మిగిలే ఉంది. ఆశీర్వాదం చెప్పి అందర్నీ పంపించేద్దామనుకున్నాడు, కానీ ఎవరూ లేవలేదు. మిగిలింది పాస్టరు తినాలి, తినేదాకా జనం కదలకూడదు. ఆ కట్టుబాటు పెట్టినవాడు అతనే.

తినడం మొదలుపెట్టాడు. మందంగా ఉన్నవైపు పచ్చిగా, పల్చగా ఉన్నవైపు మాడి ఉంది. నాలుగు ముక్కలు తిన్నాడు. తలెత్తితే ఎదురుగా గుమ్మం, గుమ్మం పక్కన కెజియా. ఆమె ఏడవడం లేదు. తను కాల్చిన రొట్టె అతను నములుతుంటే కళ్ళార్పకుండా చూస్తోంది. ముద్ద నోట్లోనే ఆగిపోయింది.

"అయ్యగారూ, మింగుడు పడటం లేదండి," అన్నాడు మెల్లగా.

జెకర్యా అయ్యగారు కుర్చీలోంచి కదల్లేదు.

"తిను, ఒబేదూ. అంతా నువ్వే తిను. బల్ల నీదేగా."