శేషావతారం గీసిన ప్లాను

వాగు ఒడ్డున ఓ పశువుల దొడ్డి ఉంది. రైతు పొద్దున్నే కుక్క సింగన్నను వెంటబెట్టుకుని పొలానికి వెళ్లిపోతే, సాయంత్రం దాకా దొడ్డి పెత్తనమంతా గేదె కాటమ్మదే. కాటమ్మ ఒక మాటకి ఒప్పుకుని తడిమట్టిలో డెక్క ముద్ర వేసిందా, వానపడి ఆ ముద్ర చెరిగేదాకా ఆ మాట మార్చే వీల్లేదు. అది దొడ్డి ఆచారం.

గడ్డివాము నీడలో ఓ పాత గంపలో చుక్కల కోడి ముత్యాలు పదకొండు గుడ్లు పొదుగుతోంది. కూర్చుని పదిహేను రోజులైంది. ఈకలు రేగిపోయాయి, ఒళ్లు సగమైంది, అయినా మొహంలో ఆ తృప్తి చూడాలి! ఇంకో ఆరు రోజులు ఓపిక పడితే పిల్లలు. రోజుకు ఒక్కసారే లేస్తుంది. నాలుగు గింజలు, రెండు గుక్కల నీళ్లు, మళ్లీ గంపలోకి.

ఆ మధ్యాహ్నం గింజల కోసం లేచేసరికి కంచె దగ్గర నక్క శేషావతారం కనిపించాడు. కొన్నాళ్లు పంచాయతీ ఆఫీసు వెనక పొదలో కాపురం ఉన్నాడు. కిటికీలోంచి విన్న మాటలన్నీ నోటికొచ్చేశాయి. ఈమధ్యే కంచె అవతలి తుప్పలోకి మారాడు. ఇప్పుడు కంచె సందులోంచి చెయ్యి దూర్చి మట్టిలో గీతలు గీస్తున్నాడు.

“కాటమ్మత్తా, దొడ్డికి ప్లానంటూ ఒకటుండాలి. ఎవరికి తోచిన చోట వాళ్లు పడుంటే ఎట్లా? ఇది మేత చోటు, ఇది పడక చోటు. అరిచేవాళ్లకి విడిగా ఇదిగో, ఈ కంచె వార.”

కాటమ్మ నెమరు ఆపింది. “అంటే నా మధ్యాహ్నం కునుకు నాకు దక్కుతుందంటావా?”

“దక్కకేం!”

ముత్యాలు గింజలు వదిలేసి తలెత్తింది. కంచె వార అంటే నక్క తుప్పకి రెండడుగులు.

“కాటమ్మక్కా, అది ఈయన గుమ్మం కదా! కోళ్లని తెచ్చి ఈయన వాకిట్లో పెడతారా?”

“అయ్యయ్యో, నేను కోడి అన్నానా?” శేషావతారం నొచ్చుకున్నాడు. “పేరు పెట్టి గీస్తే కక్ష అంటారు. గొంతెత్తి అరిచే ప్రతి ప్రాణీ అన్నాను, అంతే.”

ముత్యాలు మనసు గంపలోనే ఉంది. గుడ్లు చల్లారిపోతున్నాయి. అయినా ఆ మాట దగ్గర ఆగింది. మెడ పక్కకి వంచి, ఒంటికంటితో నక్కని చూసింది.

“ప్రతి ప్రాణీనా?”

“ప్రతి ప్రాణీ.”

“మినహాయింపు?”

“ఒక్కరికీ లేదు. న్యాయం అంటే న్యాయమే. ఈ సాయంత్రం నుంచే అమలు!”

“బాగుంది. అయితే ముద్ర వేసెయ్యక్కా.”

కాటమ్మ డెక్క ధప్పున పడింది. నక్క మూతి నాక్కున్నాడు.

“మరి సింగన్న మావ రాగానే ఆయన గోనెపట్టా ఇక్కడ వేయించక్కా,” అంది ముత్యాలు. “దొడ్డి మొత్తంలో అంత గొంతు ఇంకెవరికుంది?”

శేషావతారం తోక కిందికి జారింది. “కుక్కంటే... కాపలా ఉద్యోగం కదా... అది వేరే పద్దు...”

“ఒక్కరికీ లేదన్నావుగా నాయనా!” కాటమ్మకి హుషారొచ్చింది. “ఆ గాడిద పోతురాజు కూడా ఇక్కడికే. తెల్లారగట్ల వాడు ఓండ్ర పెడితే నా పాలు పొదుగులోనే విరిగేట్టున్నాయి.”

“మరి ఈ కోడి?”

“ముత్యాలు గొంతెత్తి అరిచి పదిహేను రోజులైందయ్యా. పొదిగే కోడి అరవగా ఎక్కడ విన్నావు?”

మిగతాది వినడానికి ముత్యాలు అక్కడ లేదు. పరుగున వెళ్లి గంపలో కూర్చుంది. గుడ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. అప్పటిగ్గానీ దాని ప్రాణం కుదుటపడలేదు.

సాయంత్రం సింగన్న వచ్చాడు. కొత్త చోటు వాసన చూశాడు. “ఇన్నాళ్లూ ఇంత మంచి చోటు నాకెందుకు చూపించలేదు?” అని తుప్ప వైపు తిరిగి ఒక్క అరుపు అరిచాడు. రెండో అరుపుకి శేషావతారం వాగు అవతల ఉన్నాడు.

ఆరో రోజుకి పదకొండింట్లో పది గుడ్లు పగిలాయి. పిల్లల కిచకిచలతో, వాటిని పిలిచే తల్లి గోలతో దొడ్డి హోరెత్తింది. ముత్యాలు ఎవరూ చెప్పకుండానే పిల్లల్ని వెంటేసుకుని కంచె వారకి నడిచింది.

“నా పట్టా పాడుచేశారో, చూసుకో అమ్మాయ్,” అని సింగన్న గుర్రుమన్నాడు. అప్పటికే రెండు పిల్లలు ఆయన వీపెక్కి కునుకుతున్నాయి. ఆయన పాపం చెవి కూడా కదపలేదు.

వాగు అవతల శేషావతారం రోజూ మబ్బుల కోసం చూశాడు. చివరికి వాన పడింది, డెక్క ముద్ర చెరిగింది. ప్లాను మార్చమని దొడ్డిలో ఒక్కరూ అడగలేదు.

నీతి: అందరికీ అని గీసిన గీత, గీసినవాడి గుమ్మం దగ్గర ఆగిపోదు.