ఉప్పుదిబ్బ గవరమ్మ నడక

వినేవాళ్లు దగ్గరికి జరగండి, ఊఁ కొట్టేవాళ్లు ఊఁ కొట్టండి. సముద్రం ఇంకా ఇంత దగ్గరికి రాని రోజుల్లో జరిగిందని మా తాతలకి వాళ్ల తాతలు చెప్పిన సంగతి ఇది.

ఉప్పుదిబ్బ అని ఒక ఊరు. ఆ ఊళ్లో గవరమ్మ అని ఒక మనిషి. ఉప్పుమళ్లలో పని. మడికీ మడికీ మధ్య జానెడు గట్టు. ఆ గట్టు మీద నెత్తిన ఉప్పుగంపతో పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నడిచేది. గంపని చేత్తో పట్టుకునేది కాదు. కొత్తగా పనికొచ్చిన ఆడపిల్లలకి గట్టు మీద నిలబడడం నేర్పేది కూడా ఆవిడే. మొగుడు చిన్నవయసులోనే పోయాడు. కూతురు నీలాల్ని ఆ రెండు కాళ్లే పెంచాయి.

ఒకనాడు గట్టు మీద నడుస్తూ నడుస్తూ గవరమ్మ ఆగిపోయింది. కుడికాలు ఎక్కడుందో తెలియలేదు. కుడిచెయ్యి ఎక్కడుందో తెలియలేదు. "నీలాలూ" అని పిలవబోతే నోట్లోంచి వేరే ఏదో శబ్దం వచ్చింది. గంపతో సహా మడిలో పడింది. జనం వచ్చి లేవనెత్తేసరికి గంపలో ఉప్పంతా నీళ్లలో కరిగిపోయింది.

"వాతం కొట్టింది" అన్నారు.

వైద్యుడు వచ్చాడు. మొదట నూనె మర్దనా చేశాడు. తర్వాత ఇసుక కాచి కాపడం పెట్టాడు. ఆఖరికి పావురం నెత్తురు పూశాడు. మాట కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది గానీ కాలూ చెయ్యీ రాలేదు. "ఇక ఇంతే తల్లీ" అని చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

గవరమ్మ గంప నీలాలు ఎత్తుకుంది. పొద్దున్నే తల్లిని మంచం మీద కూచోబెట్టి, పక్కన అంబలి ముంత పెట్టి, మళ్లకి పోయేది. సాయంత్రం వచ్చి తల్లి బట్టలు మార్చేది. ఏనాడూ విసుక్కోలేదు. విసుక్కుంటే బాగుండుననిపించేది గవరమ్మకి.

లేద్దామని చూసింది. ఒకసారి మంచం కోడు పట్టుకుని లేచి పడింది. ఇంకోసారి గోడ పట్టుకుని పడింది. మూడోసారి ఏమీ పట్టుకోకుండా లేచి, వాకిట్లో బోర్లా పడింది. ఆ రోజు నీలాలు వచ్చేదాకా అలాగే ఉంది. ఒలికిన అంబలిని కోళ్లు వచ్చి ఆవిడ మొహం పక్కనే ఏరుకుని తిన్నాయి.

"నన్ను సముద్రంలో దించీసి రాయే" అంది కూతురితో ఆ సాయంత్రం.

నీలాలు ఏడవలేదు. వద్దనీ అనలేదు. తల్లి మొహానికి అంటిన మట్టి తుడుస్తూ కూచుంది. ఆ ఊరుకోవడం గవరమ్మ గుండెలో దిగబడిపోయింది.

పక్కింట్లో తవిటయ్య అని తాటిచెట్లెక్కే మనిషి. అతనికీ అంతకుముందు ఏడు వాతం కొట్టింది. అతనికి ఎడమపక్క పోయింది. అతని భార్య కూడా మళ్లకే పోతుంది. ఇద్దర్నీ ఒక చోట పెడితే చూసుకోవడం సులువని ఆడవాళ్లిద్దరూ అనుకుని, తవిటయ్యని తెచ్చి గవరమ్మ మంచం మీదే కూచోబెట్టి పోయేవారు. రెండు మూటలు ఒక చోట పెట్టినట్టు. నెల రోజులు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా విరిగి పడింది. ఊళ్లో ఎవరూ లేరు. మంచం వాకిట్లో ఉంది. చూరు ఏడడుగుల దూరంలో ఉంది. తడిసి తడిసి తవిటయ్య వణికిపోతున్నాడు.

"తవిటన్నా, నీకే కాలు ఉంది?"

"కుడిది."

"నాకు ఎడమది. ఇలాగ రా. పోయిన కాళ్లు రెండూ మజ్జిన పెడదాం. ఉన్నవి అటొకటి, ఇటొకటి."

భుజం మీద భుజం పడింది. లేచారు. ఒరిగారు. మళ్లీ నిలబడ్డారు. గట్టు మీద ఆడపిల్లలకి చెప్పిన మాట గవరమ్మ నోటికి దానంతటదే వచ్చింది.

"పాదమెత్తు. పాదం దించు. పక్కోళ్లని ఒగ్గీకు."

ఒగ్గీకు అంటే వదలొద్దని. ఏడడుగులూ నడిచారు. చూరు కిందికి చేరి, గోడకి ఆనుకుని, ఆ వంకర మూతులతోనే ఇద్దరూ నవ్వారు. తర్వాత చాలాసేపు ఏడ్చారు.

మర్నాటి నుంచీ మానలేదు. ఊరి బయట ఇసుక మెత్తగా ఉంటుంది, పడ్డా దెబ్బ తగలదని పడుతూ లేస్తూ అక్కడికి చేరారు. ఇద్దరు సరిపోరని గవరమ్మకి తెలుసు. ఒకరు ఒరిగితే ఇద్దరూ పడుతున్నారు. మూడో మనిషి కావాలి. ఊళ్లో వాతం కొట్టిన మూడో మనిషి దాలినాయుడు. ఊరి పెద్ద. గడప దాటి ఏడాదైంది.

వాళ్లిద్దరూ ఆయన అరుగు దగ్గరికి పోయి పిలిచారు.

"ఉప్పు మోసేదాని భుజం పట్టుకుని నడవాలా నాను?" అన్నాడు దాలినాయుడు. తలుపేయించాడు.

రెండోసారి పోయారు. తలుపు తీయలేదు. మూడోసారి గవరమ్మ అరుగు కిందే కూలబడి అంది, "బాబూ, మీకు పెట్టడానికి నా దగ్గర ఏటీ లేదు. ఒక భుజమే మిగిలింది. అదే తెచ్చాను."

లోపల నేల మీద ఏదో ఈడ్చిన చప్పుడైంది. తర్వాత తలుపు తెరుచుకుంది. దాలినాయుడు దేక్కుంటూ వచ్చాడు.

ముగ్గురు ఏడుగురయ్యారు. ఏడుగురు పన్నెండుగురయ్యారు. పక్క ఊళ్ల నుంచి బండి మీద తెచ్చి దింపేవారు. పొద్దున్నే వరసగా భుజాలు పట్టుకుని నిలబడేవారు. ముందు కూచుని లేవడం. తర్వాత ఒంటికాలి మీద నిలబడడం. ఆ తర్వాత ఇసుకలో పరిచిన మోకు దాటడం. కిందికి చూడకూడదు, ఎదురుగా చూడాలి. ఎవరు ఒరిగినా వరసంతా ఆగేది. నిలబడ్డాక మళ్లీ గవరమ్మ గొంతు వినబడేది. పాదమెత్తు. పాదం దించు. పక్కోళ్లని ఒగ్గీకు.

ఊళ్లోవాళ్లు "వాతపోళ్ల చిందు" అని నవ్వారు. నవ్వినవాళ్ల ఇళ్ల నుంచి కూడా తర్వాత తర్వాత మనుషులొచ్చారు.

ఏడాది తిరిగేసరికి దాలినాయుడు కర్ర పట్టుకుని తన పొలం చుట్టూ నడిచాడు. తవిటయ్య ఒంటరిగా తాటితోపుదాకా నడిచాడు. నడిచి, తన చెట్టుని కావలించుకుని భోరుమన్నాడు. నడవగలడు గానీ ఇక ఎక్కలేడని అక్కడే తెలిసింది అతనికి.

గవరమ్మ కాలు మాత్రం ఈడుస్తూనే ఉంది. పక్కన భుజం లేకపోతే నాలుగడుగులే. ఐదో అడుగుకి పడిపోయేది.

"వస్తాదిలే" అనేవాళ్లు అందరూ.

"వస్తాది" అనేది ఆవిడ. ఐదో అడుగు కోసం ఎవరూ లేనప్పుడు ఎన్నిసార్లు పడిందో ఎవరికీ చెప్పలేదు.

ఒక పొద్దున వరసలో నిలబడి "పాదమెత్తు" అంది. అందరూ ఎత్తారు. "దించు" అన్న మాట రాలేదు. ఎత్తిన పాదాలతో అందరూ అటు చూశారు. గవరమ్మ మొహం ఖాళీ అయిపోయింది. ఈసారి ఎడమపక్క కూడా పోయింది. మాట పూర్తిగా పోయింది. మింగడం కూడా కష్టమైపోయింది.

వాళ్లు ఆవిణ్ణి వదల్లేదు. రోజూ పొద్దున్నే మంచంతో సహా ఇసుకలోకి తెచ్చి, వరసకి ఎదురుగా దింపేవారు. చూస్తే సంతోషిస్తుందని, సంతోషిస్తే లేస్తుందని అనుకున్నారు.

గవరమ్మ చూసేది. తను నేర్పిన నడకే. తవిటయ్య ఒక అడుగు వేస్తే తన దగ్గరున్నది ఏదో ఒకటి లాక్కున్నట్టుండేది. దాలినాయుడు కర్ర వదిలి నిలబడితే కడుపులో మంట లేచేది. ఈ మనుషుల్ని తనే పిలిచింది. తనే లేపింది. ఇప్పుడు వీళ్లు పడిపోతే బాగుండుననిపించేది. అలా అనిపించినందుకు చచ్చిపోవాలనిపించేది. మొహం తిప్పుకుందామంటే మెడ తిరగదు. అటు తిప్పండి అందామంటే నోరు లేదు.

"గవరమ్మా, సూడు, మోకు దాటేను" అని దాలినాయుడు చిన్నపిల్లాడిలా కేకేశాడు ఒకరోజు.

గవరమ్మ కళ్లు మూసుకుంది. అదొక్కటే ఆవిడకి చేతనైంది. ఆ తర్వాత ఇసుకలోకి తెచ్చినప్పుడల్లా కళ్లు మూసుకునే ఉండేది. మూడు నెలలు అలా ఉండి, ఒక పొద్దున అక్కడే, వాళ్లు నడుస్తుండగానే పోయింది.

పాడె ఎవరు మొయ్యాలి? "నాను మోస్తాను" అన్నాడు దాలినాయుడు. "నాను" అన్నాడు తవిటయ్య. వరసలో వాళ్లు ఇంకో ఇద్దరు ముందుకొచ్చారు. ఊరు వద్దంది. పడేస్తారంది. వినలేదు. పాడె అటు ఊగింది, ఇటు ఊగింది. నాలుగడుగులకోసారి ఆగింది. పొద్దున బయల్దేరిన పాడె శ్మశానం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కింద మాత్రం పడలేదు.

అన్నీ అయ్యాక నీలాలు తవిటయ్య దగ్గరికి వచ్చింది.

"మావా, నానెప్పుడూ మళ్లలోనే ఉన్నాను. మిమ్మల్నందర్నీ సూసి మాయమ్మ సంతోషపడిందా?"

తవిటయ్య నేల చూశాడు. "పడిందని సెప్పాలనుంది తల్లీ. పడలేదు. మేం నడస్తంటే సూడలేకపోయింది. మాకది తెలిసేసరికి కాలం మించిపోయింది. ఆ మంచాన్ని రవ్వంత అటు తిప్పుంటే సరిపోయేది. తిప్పలేదు."

ఆ ఊరు ఇప్పుడు లేదు, సముద్రం తీసుకుపోయింది. కానీ ఆ ఒడ్డున ఉన్న ఊళ్లన్నిట్లో ఇప్పటికీ వాతం కొట్టిన మనుషుల్ని పొద్దున్నే ఇసుకలోకి తీసుకొస్తారు. భుజాలు పట్టుకుని వరసగా నడుస్తారు. కొత్తగా వచ్చిన మనిషి లేవలేకపోతే మంచంతో తెస్తారు. ఆ మంచాన్ని మాత్రం నడిచేవాళ్లకి ఎదురుగా వెయ్యరు. మొహం సముద్రం వైపు ఉండేలా వేస్తారు, ఆ వైపునే గవరమ్మ వైపు అంటారు. ఆ మనిషి తనంతట తాను ఇటు తిప్పమని అడిగినప్పుడే తిప్పుతారు. మూడో రోజుకే అడిగినవాళ్లున్నారు. మూడేళ్లకి అడిగినవాళ్లున్నారు. అసలు అడగకుండానే పోయినవాళ్లూ ఉన్నారు. ఎవరినీ ఎవరూ ఏమీ అనరు.

అంతేకాదు, అక్కడ ఏ ఇంట్లోనైనా ఒక మనిషి దుఃఖంలో ఉండి, ఎవరి మంచీ చూడలేక గోడవైపు తిరిగి పడుకుంటే, లేవమని బతిమాలరు. ఇంటికొచ్చిన చుట్టాలకి గుమ్మంలోనే నెమ్మదిగా చెబుతారు.

"గవరమ్మ వైపు తిరిగుంది. కాసేపు ఊరుకోండి."