జున్ను గిన్నె

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. చేపలు ఎండబెట్టి అమ్ముకునేది. ఆవిడకి జున్ను అని ఒక తెల్లపిల్లి ఉండేది. నూకరత్నం సత్తుగిన్నె మీద గరిటెతో టంగు టంగుమని కొడితే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

జున్ను ఏడాదికి రెండు మూడు సార్లు పిల్లల్ని పెట్టేది. దానికి ఓపిక తగ్గిపోతోంది, ఇక పిల్లలు పుట్టకుండా చిన్న ఆపరేషన్ చేయించమని పశువుల డాక్టరమ్మ చెప్పింది. నూకరత్నం వచ్చే నెల అంది. ఆ నెల వచ్చాక మళ్ళీ వచ్చే నెల అంది. మూడో నెలలో జున్ను పిల్లల్ని కనలేక చనిపోయింది.

అప్పుడు నూకరత్నం ఆ గిన్నె కడిగి అటక మీద బోర్లించేసింది. మళ్ళీ ఎవరి దగ్గరా జున్ను మాట ఎత్తలేదు.

ఆ తర్వాత ఒక చారల పిల్లి పంచలోకి రావడం మొదలెట్టింది. నూకరత్నం దానికి బాదం ఆకులో నాలుగు ఎండు నెత్తళ్ళు వేసేది. నెత్తళ్ళంటే నీ చిటికెన వేలంత చేపలులే. పక్కింటి పైడితల్లి "ఏటే రత్నం, ఇది మీ తాలూకేనా?" అని అడిగితే, మా తాలూకు కాదత్తా, దాని దారిన అది వస్తోంది అనేది.

ఒకరోజు గోడ మీద గండుపిల్లి కనిపించింది. చారల పిల్లి కూడా ఆడదేనని నూకరత్నానికి తెలుసు. ఈసారి వచ్చే నెల అనుకోలేదు. డాక్టరమ్మ పిల్లులకి బుధవారమే ఆపరేషన్లు చేస్తుంది. ముందురోజు సాయంత్రం పట్టి, మర్నాటిదాకా ఏమీ పెట్టకుండా తీసుకురమ్మంది.

మొదటి మంగళవారం గంప కింద నెత్తళ్ళు పెట్టింది. పిల్లి అవి తిని, చెయ్యి గీరి, పారిపోయింది.

రెండో మంగళవారం దొరికింది. కానీ తెల్లారేసరికి పైడితల్లి గంప కాస్త ఎత్తి పెరుగన్నం తోసేసింది. నూకరత్నానికి తెలీదు. పొట్టలో అన్నం ఉంటే మత్తులో వాంతై ప్రాణం మీదికొస్తుంది కదా, అందుకని డాక్టరమ్మ పిల్లి మీసాల మీద మెతుకులు చూసి వెనక్కి పంపేసింది. ఇంటికొస్తే పైడితల్లే ఎదురు చీవాట్లు పెట్టింది. "నోరులేని జీవాన్ని మాడబెడతావేటే?" అంది. ఆవిడని ఏం అంటాం, ఆవిడదీ జాలే.

మూడో మంగళవారం పిల్లి గంపని చూస్తూనే గోడెక్కేసింది. నెత్తళ్ళు చూపినా దిగలేదు. అవతల గండుపిల్లి అరుస్తోంది. అప్పుడు నూకరత్నం అటక దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పైకి లేవలేదు. ఊఁ కొడుతున్నావా?

ఆ తర్వాత గిన్నె దించింది. గరిటెతో టంగు టంగుమని కొట్టింది.

చారల పిల్లి గోడ దిగి నేరుగా వచ్చేసింది. జున్నుని పిలిచిన రోజుల్లో ఇది కూడా ఆ గోడ మీద కూర్చుని వినేదన్నమాట. తనది కాని పిలుపుని ఇన్నాళ్ళూ గుర్తుపెట్టుకుంది.

బుధవారం ఆసుపత్రిలో పిల్లి పేరు అడిగారు. వీధి పిల్లి, పేరు లేదంది. దాన్ని లోపలికి తీసుకెళ్ళాక, గిన్నె ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. జున్ను పోయాక అప్పుడే మొదటిసారి ఏడ్చింది. ఆలస్యం చేశానే తల్లీ అని గిన్నెతోనే చెప్పుకుంది.

అప్పుడు లోపల్నించి ఒకతను వచ్చి, "నూకరత్నం పిల్లి తాలూకు ఎవరమ్మా?" అని పిలిచాడు.

మా తాలూకు కాదు అనబోయింది. కళ్ళు తుడుచుకుని లేచింది.

"నేనే బాబూ."

పిల్లి ఎడమ చెవి కొస చిటికెడు కత్తిరించి ఉంది. ఆపరేషన్ అయిందని అది గుర్తు. పైడితల్లి చూసి, కూతురికి చెవులు కుట్టించుకొచ్చావా అని ఆటపట్టించింది. మర్నాడు, ఈసారి పెట్టొచ్చా అని అడిగి మరీ పెరుగన్నం తెచ్చి, బాదం ఆకు కోసం వెతికింది. నూకరత్నం గిన్నె ముందుకు జరిపింది.

"ఇందులో పెట్టత్తా. జున్నుదే. దీనిది కూడా."

ఆ గిన్నె మళ్ళీ అటకెక్కలేదు.

కథ కంచికి,
పిల్లి పంచకి,
నా చిట్టితల్లి నిద్ర అంచుకి.