తొంభై తొమ్మిది గిలకలు

అనగనగా ఒక మెట్టసీమ. ఆ సీమలో నీళ్లు ఇరవై నిలువుల లోతున ఉండేవి. దాన్ని ఏలే దేశాయిగారి ఆశ మాత్రం ఎప్పుడూ పైకే పొంగుతూ ఉండేది.

దేశాయి పేరు రంగప్ప. చేసే పనేమీ లేదు కనుక ఆయనకు సరదాలు ఎక్కువ. మొదట ఎద్దుల మెడగంటలు పోగుచేశాడు. తరువాత పక్షుల పంజరాలు. రెండూ విసుగెత్తాక గిలకల మీద మనసు పడింది.

గిలక అంటే తెలుసు కదా, పిల్లలూ? బావి మీద రెండు రాతికంబాల నడుమ తిరిగే కర్రచక్రం. దాని మీద చేంతాడు వేసి లాగితే కడవ పైకి వస్తుంది. తిరిగేటప్పుడు ఒక్కో గిలకకు ఒక్కో గొంతు. ఒకటి పావురంలా మూలుగుతుంది, ఒకటి పిచ్చుకలా కిచకిచమంటుంది. గుర్రం మీద పోతూ ఆ గొంతులు విన్నాడు రంగప్ప. విని ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు.

"ఇవన్నీ నా కొట్టంలో ఉండాలి" అన్నాడు.

ఎద్దులను ఎండలోకి తోలించి, కొట్టం ఖాళీ చేయించి, గోడల నిండా మేకులు కొట్టించాడు.

ముందుగా సాలెవాళ్ల బావికి పోయాడు. "ఎంత పాతదో ఈ గిలక! మీ చేతుల్లో అరిగిపోతుంది. నేను కాపాడతాను" అన్నాడు. దొరగారు మెచ్చుకున్నారని మురిసిపోయి వాళ్లే ఊడదీసి ఇచ్చారు.

తరువాత కుమ్మరుల బావికి పోయి, వాళ్ల పెద్దకు శాలువ కప్పాడు. పెద్దకు శాలువ దక్కింది, దేశాయికి గిలక దక్కింది. రోజూ నీళ్లు తోడే ఆడవాళ్లను అడిగిన నాథుడు లేడు.

మూడోసారి గొర్రెల కాపరుల బావికి పోయాడు. వాళ్లు "ఇవ్వం" అన్నారు. నలుగురు బంట్లు వచ్చి లాక్కుపోయారు.

ఇలా ఒక్కొక్క బావీ బోసిపోయింది. ఆడవాళ్లు బావి ఒర మీద వంగి ఉత్త చేతులతో చేదుకోవలసి వచ్చింది. పది కడవలు తోడే పొద్దులో రెండు కడవలు. తాడు రాసుకొని అరచేతులు చీరుకుపోయాయి. గొర్రెలు నాలుకలు చాచాయి. పసిబిడ్డలకు స్నానాలు మానిపించారు.

కొట్టంలో మాత్రం తొంభై తొమ్మిది గిలకలు లక్క రంగు పూసుకొని, కింద పేరు చెక్కిన రేకులతో దర్జాగా వేలాడాయి. చూడవచ్చిన పెద్దమనుషులు "ఆహా, దేశాయిగారు ఎంత రసికులు!" అన్నారు. పక్కన జనం గొంతులు ఎండుతుంటే ఆ మాట అనడానికి వాళ్లకు నోరెలా వచ్చిందో!

ఇక మిగిలింది ఒక్కటే. బాట పక్కన చలివేంద్రం బావి గిలక. ఎండలో నడిచి వచ్చేవాళ్లకు అక్కడ నీళ్లు పోసేది సుంకమ్మ. బాటకు అటూ ఇటూ ఆమడ దూరం మరో నీటిచుక్క లేదు. ఆ గిలక పోతే బాటసారులు దారిలోనే పడిపోతారు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం రంగప్ప అక్కడ గుర్రం దిగాడు. దోసిలి పట్టి మూడు ముంతల నీళ్లు తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"నీ గిలక గొంతు కోయిల గొంతు సుంకమ్మా. అలాంటిది నా దగ్గర లేదు. రేపు రాజుగారు నా కొట్టం చూడవస్తున్నారు. నూరుకు ఒకటి తక్కువైంది."

"ఇప్పుడు మీరు తాగిన నీళ్లు ఆ గిలకే తెచ్చింది దొరా. తాగిన తడి ఇంకా మీ మీసం మీదే ఉంది."

"వాదించకు. తెల్లారేసరికి బంట్లను పంపుతాను."

సుంకమ్మ ముంత కింద పెట్టింది. "బంట్లెందుకు? నేనే ఇస్తాను. కానీ మేకుకు తగిలించిన గిలక పాడుతుందా? రాజుగారు పాట వినాలంటే నీళ్లు తోడాలి కదా. మీ కొట్టంలోంచి మేలైనవి మూడు ఏరి తెండి. మూడింట్లో ఒక్కటి ఒక్క కడవ పైకి తెచ్చినా, నా గిలక ఊడదీసి మీ చేతిలో పెడతాను. తేలేదనుకోండి, తొంభై తొమ్మిదీ వాటి వాటి బావులకు పోవాలి."

రంగప్ప పకపకా నవ్వాడు. "గిలక నీళ్లు తోడకపోవడమేమిటే, వెర్రిదానా! సరే, ఒప్పుకున్నాను."

మరునాడు రాజుగారు వచ్చారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. గుర్రం దిగీ దిగగానే ఆయన అడిగింది కొట్టం కాదు. "దేశాయీ, ముందు మంచినీళ్లు."

"ఎవడ్రా అక్కడ! నీళ్లు!" అని అరిచాడు రంగప్ప.

వంటమనిషి తల గోక్కున్నాడు. "మన బావి గిలక కూడా కొట్టంలోనే ఉంది కదా దొరా, తొంభై తొమ్మిదో మేకుకు. ఇద్దరం తాడు పట్టుకొని లాగుతున్నాం. సగం దాకా వచ్చి జారిపోతోంది."

జనం నవ్వారు. రంగప్ప మొహం కందగడ్డ అయింది. చేసేది లేక రాజుగారిని వెంటబెట్టుకొని, మూడు గిలకలు మోయించుకొని చలివేంద్రానికి వచ్చాడు. వెనకే పెద్దమనుషులు, ఊళ్ల ఆడవాళ్లంతా వచ్చారు. సుంకమ్మ పందెం సంగతి రాజుగారికి విన్నవించి, తన గిలక దించి పక్కన పెట్టింది.

సాలెవాళ్ల గిలకను ఎక్కించారు. కడవ బరువు తగలగానే టప్పున రెండు చెక్కలై బావిలో పడింది.

కుమ్మరుల గిలకను ఎక్కించారు. అది తిరగనే లేదు. ఇరుసు రంధ్రంలో లక్క రంగు గడ్డకట్టి ఉంది.

కాపరుల గిలకను ఎక్కించారు. నాలుగు చుట్లు తిరిగి అంచు పెచ్చులుగా రాలింది. తాడు పక్కకు జారి కడవ బుడుంగున మునిగింది.

"ఏమిటిది?" అన్నారు రాజుగారు, ఎండిన గొంతుతో.

సుంకమ్మ చెప్పింది. "ఇది తుమ్మకర్ర మహారాజా. తడితాడు రోజూ రాసుకుంటేనే కర్ర బిగువుగా ఉంటుంది. నీళ్లు తోడే కర్ర నీళ్లు తాగి బతుకుతుంది. దొరగారు దాన్ని ఎండగట్టారు. కాపాడుతున్నానని అనుకుంటూ చంపారు."

తన అరిగిన గిలకను మళ్లీ ఎక్కించి తాడు లాగింది. కోయిల కూసినట్టు పాడుతూ కడవ పైకి వచ్చింది. రాజుగారు కడుపారా తాగారు.

"దేశాయీ! తొంభై తొమ్మిదీ తిరిగి ఇచ్చెయ్యి" అని తీర్పు చెప్పారు.

"చల్లని తీర్పు!" అన్నారు పెద్దమనుషులు. నిన్న రంగప్పను రసికుడన్న నోళ్లే అవి.

సుంకమ్మ మాత్రం చేతులు జోడించలేదు. కాపరుల మల్లక్కను ముందుకు తెచ్చి ఆమె అరచేతులు తిప్పి చూపించింది. తాడు కోసిన గాట్లు, చీము.

"మహారాజా, ఈ చేతులు మూడు నెలల నుంచీ ఇలాగే ఉన్నాయి. మొర చెప్పుకోవడానికి మీ వాకిటికి రెండుసార్లు వచ్చి తిరిగిపోయాయి. ఇవాళ మీ గొంతు ఒక్క గడియ ఎండితే న్యాయం దొరికింది. మా గొంతులు గొంతులు కావా?"

రాజుగారు తల దించుకున్నారు.

ఆడవాళ్లు ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగలేదు. "తోడేవాళ్లదే గిలక!" అని ఒక గొంతు లేచింది. "తోడేవాళ్లదే గిలక!" అని నూరు గొంతులు పలికాయి. అంతా దేశాయి కొట్టానికి కదిలారు, తలుపులు తెరుచుకున్నాయి. పేరు రేకులతో వాళ్లకు పనే లేదు. తమ తాడు కోసిన గాడిని వేలితో తడిమి ఎవరి గిలకను వాళ్లు పోల్చుకున్నారు.

సుంకమ్మ చెప్పినట్టు వాటిని మూడు రోజులు తొట్లలో నానబెట్టారు. చాలా గిలకల పగుళ్లు మూసుకున్నాయి. ఇరవై గిలకలు మాత్రం బతకలేదు. ఆ ఇరవై కొత్తగా చెక్కించి ఇచ్చేదాకా రంగప్ప చలివేంద్రంలో ఉత్త చేతులతో నీళ్లు చేదాలని ఆడవాళ్లు తేల్చారు. మొదటి కడవకే ఆయన అరచేతుల తోలు ఊడివచ్చింది. "ఎలా ఉంది దొరా సరదా?" అని మల్లక్క అడిగింది. ఎద్దులు మళ్లీ కొట్టం నీడకు చేరాయి.

కాబట్టి పిల్లలూ, పదిమంది బతుకుకు పనికొచ్చే వస్తువును లాక్కొని తన సరదాకు దాచుకున్నవాడు దాన్ని ఎంత ముద్దుగా చూసుకున్నా దొంగే.