రాగి గుండు మీద నొక్కు

ప్రమాది సంవత్సరం, కార్తీక బహుళ విదియ, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. బట్టలద్దే శాలలో రాజుగారు విచారణకు కూర్చున్నారు.

అద్దకానికి వాడే రాగి గుండును ఇప్పుడైతే రోలరంటాం. కాలేజీలో చదివేటప్పుడు ఒక అచ్చాఫీసులో చూశాను. సరే, అది వేరే సంగతి. గుండు మీద సూదిమొనంత గుంటలు చెక్కుతారు. రంగు నిలిచేది వాటిలోనే. ఒక్కచోట నొక్కు పడితే గుండు తిరిగిన ప్రతిసారీ బట్ట మీద తెల్లమచ్చ పడుతుంది. అందుకే గుండ్లు కడిగే పేరమ్మ వాటికి కంబళి చుట్టి ఉంచేది. వాటిని చెక్కిన ఆమె భర్త బొల్లన పోయి ఏడాదయింది.

శాలాధికారి అయ్యపరాజు తనిఖీకని కంబళి విప్పించి, కొసకు ఇనుప పొన్ను వేసిన చేతికర్రతో గుండును తట్టాడు. నొక్కు పడింది. నేరం పేరమ్మ మీదికి తోశాడు. రుజువైతే ఆమె రాజ్యం విడిచి పోవాలి.

“అయ్యగారి కర్ర తగిలింది ప్రభూ,” అంది పేరమ్మ.

“కర్ర తగిలితే రాగికి ఏమవుతుంది? ఇది బరబరా తోమడం వల్లే పడింది,” అన్నాడు అయ్యపరాజు.

“కర్ర తగిలినా రాగికి ఏమీ కాకపోతే నేను పోతాను. రాణిగారి పెళ్లిచీర అద్దిన గుండు ఇదుగో. దీన్నీ ఒకసారి అలాగే తట్టమనండి.”

అయ్యపరాజు కర్ర ఎత్తాడు. ఎత్తిన కర్ర కిందికి రాలేదు.

“తట్టవేమయ్యా?” అన్నారు రాజుగారు. ఆ పూటే అతన్ని ఇంటికి పంపేశారు.

“ఈ నొక్కు ఎవరు సరిచేస్తారు?” అని రాజుగారు అడిగితే పేరమ్మ ఆ గుండుకు మళ్లీ కంబళి చుట్టింది.

అయ్యపరాజు పదవి అతని బావమరిదికి దక్కింది. పేరమ్మ పని కొన్నాళ్లకు ఆమె కూతురికి వచ్చింది. బొల్లన చేతిపని మాత్రం ఎవరికీ రాలేదు.