పుర్రచేతి ముడి

ఊ కొడతావా, నిద్రపోతావా? ఊ కొడితేనే చెబుతాను మరి.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో అన్నీ చుట్టిళ్ళే ఉండేవి. గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు. చూరు ఎంత కిందకి ఉండేదంటే, ఎంత గొప్పవాడైనా తల వంచుకునే లోపలికి దూరాలి. గాలివాన వస్తే ఆ గుండ్రటి ఇంటికి ఎక్కడా పట్టు దొరక్క, చుట్టూ తిరిగి పోయేది.

ఎవరింటికి కొత్త ఆకు కప్పినా ఊరంతా వచ్చేది. కూలి లేదు. ఇంత అంబలి, ఎండుచేపల పులుసు పెడితే చాలు. ఇంటికొకరు కప్పు ఎక్కి, వాసాలకి తాటినారతో ఎవరి ముడి వాళ్ళు వేసేవారు. ఒక్కొక్కరి ముడి ఒక్కో తీరు.

ఆ తర్వాత ఊళ్ళోకి డాబాలు వచ్చాయి. చివరికి అసిరమ్మ అనే ముసలమ్మ చుట్టిల్లు ఒక్కటే మిగిలింది. దాని ఆకు కుళ్ళిపోయింది. మొదటి వానకి పొయ్యిలో కారింది. రెండో వానకి మంచం మీద కారింది. మూడో వానకి గోడే నానింది. మట్టిగోడ నానితే ఇంకేముంది, ఇల్లు కూలడమే.

పక్కింటి తవిటయ్య మంచివాడే. వాడి చిన్నప్పుడు తండ్రి చేపల వేటకెళ్ళి సముద్రంలోనే పోతే, అసిరమ్మే ముద్దలు పెట్టి పెంచింది. వాన వచ్చిన ప్రతిసారీ వాడు వచ్చి పోరు పెట్టేవాడు.

"పెద్దమ్మా, ఇది నీ మీద పడిపోద్దే. ఇప్పీసి రేకులేసిస్తాను."

"నా పిల్లలు పుట్టిన కప్పురా ఇది. ఎల్లెల్లు!" అని కసిరేది.

మూడోసారి మాత్రం కసరలేదు. తడిసిన గోడ మీద చెయ్యి వేసి, "నీ ఇష్టం నాయినా" అంది. పాపం, ఎంత బాధేసి ఉంటుందో!

అప్పుడు తవిటయ్య కత్తి పట్టుకుని పైకెక్కాడు. కుళ్ళిన ఆకు లాగేశాడు. కింద వాసాలకి తాటినార ముడులు కనిపించాయి, పొగ పట్టి నల్లగా, గట్టిగా. ఒక ముడి కోశాడు. ఇంకో ముడి కోశాడు. మూడో ముడి దగ్గర ఆగిపోయాడు.

"పెద్దమ్మా! ఇదేటి, ఈ ముడి తిరగబడి ఉంది?"

"మీ నాన్నదిరా. ఆడిది పుర్రచెయ్యి. అందరూ నవ్వీవోరు గానీ, ఆడి ముడి ఒక్కటీ జారలేదు."

తవిటయ్యకి తండ్రి మొహం గుర్తులేదు. చూసుకుందామంటే ఫొటో అయినా లేదు. తన కత్తి వైపు చూసుకున్నాడు. అది ఎడంచేతిలోనే ఉంది. అంత మనిషీ కప్పు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని అక్కడినుంచే కేకేశాడు. "ఓరి, రండర్రా! మీ నాన్నల ముడులు కూడా ఇక్కడే ఉన్నాయి!"

ఊరంతా వచ్చింది. కోసిన ముడులు ఎవరి నాన్నలవో వాళ్ళు తవిటయ్యని నాలుగు తిట్టారు కూడా. అప్పుడు కొందరు తాటాకు తెచ్చారు, కొందరు గోడకి మట్టి మెత్తారు, కొందరు పాత ముడులు చూసి కొత్త ముడులు నేర్చుకున్నారు. అసిరమ్మ అంబలి కాచింది. తవిటయ్య తండ్రి ముడిని అలాగే ఉంచి, దాని పక్కనే ఎడంచేత్తో తన ముడి వేశాడు.

మళ్ళీ వాన వచ్చింది. అసిరమ్మ మంచం మీద ఒక్క చుక్క పడలేదు.

ఇదిగో, రేపు బళ్ళో నిన్నెవరైనా పుర్రచెయ్యి అని ఎక్కిరిస్తే ఏడవకు. ఈ కథ చెప్పు. ఏదీ, ఆ చెయ్యి ఇలా నా చేతిలో పెట్టు.

కథేమో కంచికి,
తాటాకు ఇంటికి,
నిద్రేమో నా తల్లి కంటికి.